చేను చదువు: మన పిల్లలకు మన తిండి చరిత్ర

తిండి ఎక్కడినుంచి వస్తుందో చూపించడానికి పిల్లల్ని పొలానికి తీసుకెళ్లడం పట్నం బడుల్లో ఇప్పుడు కొత్త పద్ధతిగా చెప్పుకుంటున్నారు. బస్సెక్కి వెళ్తారు, వరిచేను చూస్తారు, ఫోటోలు దిగి సాయంత్రానికి తిరిగొస్తారు. మట్టి తొక్కని పిల్లలకు ఆ మాత్రమైనా మంచిదే. మన్యం పిల్లల సంగతి వేరు. వాళ్ల ఇంటి వెనకే చేను ఉంది, తల్లిదండ్రులు సాగు మీదే బతుకుతున్నారు. అయినా ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివే మన పిల్లల్లో చాలామందికి సామగింజకూ కొర్రగింజకూ తేడా తెలియడం లేదు. రైతు ఇంట పుట్టిన బిడ్డకు తన ఇంటి గింజ తెలియకపోవడం ఎలా జరిగింది?

పాడేరు మన్యంలో పుట్టి, ఇక్కడి బడుల్లోనే చదువు చెబుతున్నవాళ్లం మేము. పిల్లల్ని చేనుకు తీసుకెళ్లే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలనుకున్నాం. ఆ జవాబు మన చరిత్రలోనే ఉంది. చరిత్ర తెలియకుండా చేను చూపిస్తే పిల్లలకు మొక్కలు మాత్రమే కనిపిస్తాయి. చరిత్ర తెలిస్తే ఆ చేను వెనక ఉన్న మనుషులు కూడా కనిపిస్తారు.

చేనే బడిగా ఉన్న కాలం

మన పెద్దలకు పలకా బలపం లేవుగానీ చదువు లేకుండా లేదు. కొండపోడు చేయాలంటే ఎంత తెలియాలో ఆలోచించండి. ఒకే చేనులో సామలు, కొర్రలు, గంటెలు, చోళ్లు, జొన్నలు, కందులు, బొబ్బర్లు, చిక్కుళ్లు, గుమ్మడి, ఆముదం కలిపి వేసేవారు. ఇవన్నీ ఒకేసారి పండవు. సామలు, కొర్రలు దాదాపు మూడు నెలల్లో చేతికొస్తాయి. చోళ్లకు ఇంకో నెల పడుతుంది. కందులు చలికాలం దాటేదాకా చేనులోనే ఉంటాయి. ఒక పంట వానకు పోయినా ఇంకో పంట నిలబడుతుంది. ఆకలి నెలల్లో ముందు ఏది చేతికొస్తుందో లెక్కేసి విత్తేవారు. ఇది వాతావరణ శాస్త్రమూ, లెక్కలూ, ఆహార శాస్త్రమూ కలిసిన చదువు.

ఈ చదువుకు పరీక్షలు లేవుగానీ పండుగలు ఉన్నాయి. సామకొత్త, కొర్రకొత్త, చిక్కుడుకొత్త, కందికొత్త, మామిడికొత్త ఇలా ఒక్కో పంటకు ఒక్కో కొత్త. కొత్త చేసి దేవరకు పెట్టేదాకా ఆ పంట ఎవరూ నోట పెట్టరు. బయటివాళ్లు దీన్ని మూఢనమ్మకమంటారు. కాస్త ఆలోచిస్తే దానిలోని పని తెలుస్తుంది. గింజ పూర్తిగా ముదిరేదాకా కోత ఆగుతుంది. విత్తనానికి పనికొచ్చే కంకులు ముందే పక్కకు పోతాయి. ఊరంతా ఒకే రోజు కొత్త తింటే, పండనివాడి ఇంటికి కూడా పండినవాడి గింజ చేరుతుంది. చైత్రంలో ఇటుకల పండుగకు విత్తనాలు దేవర ముందు పెట్టి పంచుకునే ఆచారం కూడా ఇలాంటిదే. ఊరి విత్తనం ఊరందరిదని పిల్లలు అక్కడ కళ్లారా చూసేవారు.

పిల్లలు ఈ చదువును పనిలో పడి నేర్చుకున్నారు. ముసలమ్మ ఎండిన ఆనపబుర్రలో చిక్కుడు గింజలు పోసి బూడిద కలుపుతుంటే పక్కన కూర్చునేవారు. తండ్రి పిట్టల్ని తోలడానికి మంచె ఎక్కితే వెంట ఎక్కేవారు. ఏ దుంప పచ్చిగా తినకూడదో, ఏ ఆకు ఏ నెలలో చేదెక్కుతుందో అమ్మ వెంట అడవికి వెళ్లి తెలుసుకునేవారు.

1882: ఒకే ఏడాది, రెండు మాటలు

ఈ చదువుకు మొదటి దెబ్బ అడవి చట్టంతో తగిలింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద అడవుల్ని రిజర్వు చేస్తూ పోయారు. రిజర్వు అడవిలో పోడు కొట్టడం, పశువుల్ని మేపడం, కట్టెపుల్ల తెచ్చుకోవడం అన్నీ సర్కారు అనుమతికి లోబడిన పనులయ్యాయి. తరతరాలుగా అన్నం పెట్టిన పోడు కాగితం మీద నేరమైంది.

అదే 1882లో మహారాష్ట్ర నుంచి ఇంకో మాట వినిపించింది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హంటర్ విద్యా కమిషన్‌కు జోతిరావు ఫూలే ఒక వినతి ఇచ్చారు. రైతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలతో పాటు వ్యవసాయం గురించి కూడా ప్రాథమిక బడుల్లో నేర్పాలని ఆయన అందులో అడిగారు. ఒకపక్క ఫూలే చేనును బడిలోకి తెమ్మన్నారు. మరోపక్క సర్కారు మన చేనును మన చేతిలోంచి తీసేసుకోవడం మొదలుపెట్టింది. ఈ రెండు సంగతులూ ఒకే పాఠంలో పిల్లలకు చెప్పదగ్గవి.

తిండి కోసం జరిగిన పోరాటాలు

మన్యం తిరుగుబాట్లను పాఠ్యపుస్తకాల్లో స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా చెబుతారు. అది నిజమే. అయితే వాటి వేళ్లు తిండిలో ఉన్నాయని మనం కలిపి చెప్పాలి. 1879లో రంప తిరుగుబాటు ఎందుకు లేచింది? మన్సబుదారు వేసిన పన్నుల మీద. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేశారు. దాన్నే చిగురుపన్ను అన్నారు. జీలుగకల్లు మన పెద్దలకు తిండి దొరకని నెలల్లో కడుపు నింపిన చెట్టుపాలు. ఆ చెట్టుపాల మీద పన్ను వేస్తే కంచం మీద పన్ను వేసినట్టే.

1922 నాటికి గూడెం కొండల్లో పోడు మీద ఆంక్షలు పెరిగాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి మనవాళ్లతో చాలీచాలని కూలికి, చాలాసార్లు కూలి లేకుండానే, చాకిరీ చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు అందుకే చరిత్రలో మిగిలింది. విత్తే రోజుల్లో మనిషిని రోడ్డు పనికి లాక్కుపోతే ఆ ఇంటికి ఏడాది పంట పోయినట్టే. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం వీరులు నడవడానికి కారణం ఈ కడుపుమంటే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అటు ఆదిలాబాదు అడవుల్లో కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చింది కూడా సాగు భూమి కోసం, అడవి కోసమే.

పిల్లల్ని చేను గట్టు మీద కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పండి. నాలుగు గోడల మధ్య తేదీలుగా వినే చరిత్ర అక్కడ కాళ్ల కింద మట్టిగా తగులుతుంది.

బడి వచ్చింది, చేను దూరమైంది

బడి మన శత్రువు కాదు. ఈ వ్యాసం మేము రాయగలుగుతున్నామంటే బడి వల్లే. బడిని మొదట తలపెట్టినవాళ్లు చేనును మరిచిపోలేదు కూడా. 1922లో, మన గూడెం కొండల్లో తిరుగుబాటు నడుస్తున్న ఏడాదిలోనే, గుజరాత్‌లోని దాహోద్‌లో ఠక్కర్ బాపా భిల్ సేవా మండల్ స్థాపించారు. ఆదివాసీ పిల్లలు ఒకచోట ఉండి, పని చేస్తూ చదువుకునే ఆశ్రమ పద్ధతి బలపడింది అలాంటి ప్రయత్నాలతోనే. 1937 అక్టోబరులో వార్ధా విద్యా సభలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీం కూడా చేతిపనిని చదువుకు మధ్యలో పెట్టింది. జాకిర్ హుసేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రాసింది. అందులో వ్యవసాయం ఒక ముఖ్యమైన పని.

హైదరాబాదు రాజ్యంలో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో జరిగిన పని అది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. పిల్లల భాష తెలిసినవాడు, వాళ్ల చేను తెలిసినవాడు బడిలో నిలబడాలన్నది అక్కడి ఆలోచన. ఆదివాసీ ఉపాధ్యాయులమని చెప్పుకునే మనందరికీ మార్లవాయి ఒక ముందడుగు.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు చాలా పెరిగాయి. పేరులో ఆశ్రమం మిగిలింది, చేను మాత్రం జారిపోయింది. ఇందులో ఎవరూ పెద్దగా గమనించని సంగతి ఒకటి ఉంది. అది క్యాలెండర్. బడి జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఏప్రిల్ చివర్లో మూస్తారు. మన పంటల లెక్క ఎలా ఉంటుంది? జూన్, జూలైలో విత్తు. ఆగస్టులో కలుపు. సెప్టెంబరు, అక్టోబరుల్లో సామలు, కొర్రల కోత. నవంబరులో చోళ్ల కోత. ఆ రోజుల్లోనే వలిసెలు పసుపు పూత మీద ఉంటాయి. సంక్రాంతి అటూఇటూగా కందులు. అంటే విత్తనం పడిన రోజు నుంచి గింజ ఇంటికొచ్చే రోజు దాకా బిడ్డ హాస్టల్లోనే ఉంటుంది. వేసవి సెలవులకు ఇంటికొచ్చేసరికి చేను ఖాళీ. మూడో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి దాకా ఇలాగే గడిపితే, దసరా, సంక్రాంతి సెలవులు మినహా ఎనిమిదేళ్ల పంటలు తను చూడకుండానే పోతాయి. పిల్లలు చేను మరిచిపోయారని నిందించేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. బడి వేళలు పంట వేళల మీద పడ్డాయి, అంతే.

కంచంలోకి తెల్లన్నం

బడి చేనును దూరం చేసిన కాలంలోనే కంచం కూడా మారింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మన చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు కొనడం, నిత్యావసరాలు అమ్మడం దాని పని. ఊళ్లకు డి.ఆర్. డిపోలు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. 2003 నుంచి మన బడుల్లో మధ్యాహ్నం వండిన భోజనం పెడుతున్నారు. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది.

అన్నం ఎక్కడినుంచి వస్తుందని తరగతిలో అడిగితే పిల్లలు ‘డిపో నుంచి’ అంటారు. నవ్వకండి. వాళ్లు తమ కళ్లకు కనబడిన చరిత్రే చెబుతున్నారు.

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడాలి. బియ్యం మన పంటల్ని మింగేశాయని తిట్టడం తేలిక. ఆ బియ్యం రాకముందు శ్రావణ, భాద్రపదాల్లో మన ఇళ్లలో ఏం తినేవారో అమ్మమ్మల్ని అడగండి. మామిడి టెంకలు నీళ్లలో ఊరబెట్టి, పిండి చేసి అంబలి కాచేవారు. ఆ పిండి బూజు పడితే విషమే. 2001లో పక్కనే ఉన్న ఒడిశాలోని కాశీపూర్‌లో టెంక అంబలి తాగి జనం చనిపోయిన వార్త దేశమంతా తెలిసింది. కాబట్టి పాత రోజులన్నీ బంగారమని పిల్లలకు చెప్పకూడదు. డిపో బియ్యం ప్రాణాలు నిలబెట్టాయి. దాన్ని హక్కుగా కాపాడుకోవాలి.

అయితే తెల్లన్నంతో పాటు ఒక సిగ్గు కూడా ఇంట్లోకి వచ్చింది. అంబలి తాగేవాడు వెనకబడినవాడు, అన్నం తినేవాడు నాగరికుడు అన్న మాట బడుల్లోనే పుట్టి పెరిగింది. ప్రభుత్వం కూడా మన గింజల్ని ముతక ధాన్యాలు అనే రాసింది. 2018లో వాటికే పోషక ధాన్యాలని పేరు మార్చారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది మార్చి నుంచే ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. గ్లాసు పట్టుకుని జావ తాగే మన పిల్లలకు, అది అవ్వ కాచే చోడి అంబలికి చుట్టమేనని ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో దాదాపు 10 మాత్రమే. అవ్వ ఈ అంకెలు చెప్పలేకపోయినా బాలింతకు ఏం పెట్టాలో ఆమెకు తెలుసు.

చోళ్లు ఇంకా మిగిలి, సామలు తగ్గిపోవడానికి ఇంకో కారణం ఉంది. చోళ్లు నేరుగా పిండి పట్టించుకోవచ్చు. సామలకు, కొర్రలకు పైపొట్టు తీయాలి. రోట్లో పోసి దంచాలి, చేటలో చెరగాలి, మళ్లీ దంచాలి. ఆ బరువంతా ఆడవాళ్ల చేతుల మీదే పడేది. కూలికి వెళ్లొచ్చిన తల్లి రాత్రి సామలు దంచలేక డిపో బియ్యం పొయ్యి మీద పెట్టింది. ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. పొట్టు తీసే మర ఊళ్లోకి వస్తే సామలు కంచంలోకి తిరిగి వస్తాయి. పిల్లలతో ఒక్కసారి సామలు దంచించి చూడండి, ఈ చరిత్ర వాళ్ల భుజాలకే తెలుస్తుంది.

గింజల ప్రయాణం

మన పంటలన్నీ ఇక్కడే పుట్టాయని పిల్లలు అనుకుంటారు. అసలు కథ ఇంకా బాగుంటుంది. సామలు మన దేశంలోనే సాగుకొచ్చాయి. కందికి దగ్గరి చుట్టమైన అడవి మొక్క ఒడిశా, బస్తర్ కొండల్లో ఇప్పటికీ పెరుగుతుంది. చోళ్లు మాత్రం వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల నుంచి వచ్చాయి. అరకు లోయను పసుపు చేసే వలిసెల పుట్టిల్లు ఇథియోపియా. కాఫీ పుట్టిందీ ఆ దేశపు కొండల్లోనే. మొక్కజొన్న, మిరప, రాజ్మా సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. వాటిని సాగుచేసి ప్రపంచానికి ఇచ్చింది అక్కడి ఆదివాసులే. మిరపకాయ కొరికినప్పుడల్లా మనకు అక్కడ చుట్టాలున్నారని గుర్తు చేసుకోవచ్చు.

గింజను దాచినవాళ్ల కథ కూడా పిల్లలకు చెప్పాలి. మన పక్కనే ఉన్న కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయాల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడి పొరజ మహిళ కమలా పూజారి వందకు పైగా దేశవాళీ వరి రకాల్ని కాపాడారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మన మన్యంలోనూ పొరజవాళ్లున్నారు. ఆమె ఫోటో మన తరగతి గోడ మీద ఉండదగ్గది.

చేనుకు ఎలా తీసుకెళ్లాలి

ఈ చరిత్ర మనసులో పెట్టుకుని పిల్లల్ని చేనుకు తీసుకెళ్లాలి. మేము పాటిస్తున్న కొన్ని పద్ధతులు తోటి ఉపాధ్యాయుల కోసం రాస్తున్నాం.

ఏడాదికి ఒక్కసారి వెళ్తే చాలదు. ఒకే చేనుకు నాలుగుసార్లు వెళ్లాలి: విత్తుకి, కలుపుకి, కోతకి, నూర్పుకి. బడికి నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న చేను ఎంచుకుంటే బస్సు అక్కర్లేదు, ఖర్చూ లేదు. రైతునూ, పిల్లల తల్లిదండ్రులనూ ముందే అడగాలి. మందు కొట్టిన చేనుకు వెళ్లకూడదు. పిల్లల చేత పని చేయించడానికి వెళ్లడం లేదన్నది అందరికీ తెలియాలి. చేయి కలిపి చూడటం వేరు, చాకిరీ వేరు. ఆ తేడా మన జాతికి బాగా తెలుసు.

చేను దగ్గర మాస్టారు మాట్లాడటం తగ్గించాలి. అక్కడ మాస్టారు ఆ చేను మనిషే. తాత కువిలో చెప్పినా, ఆదివాసీ ఒడియాలో చెప్పినా అలాగే చెప్పనివ్వాలి. పిల్లలు గింజ పేరు ముందు తమ భాషలో, తర్వాత తెలుగులో రాసుకోవాలి. పుస్తకంలో లేని పేరు అలా మొదటిసారి కాగితం ఎక్కుతుంది.

మేము పిల్లలకు నాలుగు ప్రశ్నలు ఇస్తాం. ఈ విత్తనం ఎవరిచ్చారు? ఈ నేల ఎవరిది, పట్టా ఉందా? ఇక్కడ ఎవరు ఏ పని చేస్తారు? పండింది ఎక్కడికి పోతుంది? మొదటి ప్రశ్నతో విత్తనం ఇంటిదా, కొట్టుదా అని తేలుతుంది. మూడో ప్రశ్నతో అమ్మ పని లెక్కకొస్తుంది. నాలుగో ప్రశ్న కాఫీ తోటలో బాగా పనిచేస్తుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పండ్లు కోసే ఇళ్లలో ఆ కాఫీ తాగేవాళ్లు ఎందరు? పిల్లలు లెక్కేసి తెస్తారు, మనం వింటే చాలు.

రెండో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమి మీద ఆదివాసీ కుటుంబానికి 4 హెక్టార్ల దాకా హక్కు ఉంటుంది. హక్కుల నిర్ధారణను మొదలుపెట్టేది గ్రామసభ. తాత చేతిలో ఉన్న పట్టా కాగితాన్ని పిల్లలు చదివి వినిపిస్తే, 1882లో పోయినదానిలో ఎంత తిరిగి వచ్చిందో, ఎంత రాలేదో తాతకూ మనవడికీ కలిపి అర్థమవుతుంది. బడి చదువు చేనుకు తిరిగి ఇచ్చే మేలు అది.

బడికి తిరిగొచ్చాక ప్రతి పిల్లా ఒక గుప్పెడు విత్తనం తెచ్చి, పేరు, ఊరు, ఇచ్చినవారి వివరం రాసి పెట్టాలి. సీసాలు లేకపోతే ఆనపబుర్రలు చాలు. మరుసటి జూన్‌లో ఆ గింజను బడి ఆవరణలో ఒక మడిలో విత్తాలి. విత్తకుండా దాచిన గింజ ఏళ్లు గడిస్తే మొలక మరిచిపోతుంది. చరిత్ర కూడా అంతే.

మన్యంలో విత్తనం పేర్లు, కొత్తల లెక్క, పోడు కథలు తెలిసిన తరం వయసు మీద పడింది. వాళ్లలో చాలామంది ఏ బడికీ వెళ్లలేదు. వాళ్లు ఉన్నంతలోనే మన పిల్లల్ని వాళ్ల చేలగట్ల మీదకు నడిపించాలి. యువతీ యువకులారా, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఫోను పక్కన పెట్టి అవ్వ దగ్గర కూర్చోండి, ఆమె చెప్పిన గింజల పేర్లన్నీ రాసుకోండి. తోటి ఉపాధ్యాయులారా, ఈ జూన్‌లో హాజరు పట్టీతో పాటు ఊరి పంటల పట్టీ కూడా తెరవండి. మొదటి వాన పడగానే పిల్లల్ని వెంటబెట్టుకుని విత్తుకి బయల్దేరండి.